కట్టి చేస్తే కళ, పుచ్చుకుని చేస్తే కూలి

గోదావరి జిల్లాల్లో చేతిపని వచ్చినవాళ్లు మరీ ఎక్కువైపోయారని, కళ మాత్రం బొత్తిగా కరువైపోయిందని గుర్తించి, ఆ లోటు తీర్చడానికి మా టౌన్‌లో ఒక ఆర్ట్ స్టూడియో వెలిసింది. కాలవ గట్టున మూతబడ్డ రైసుమిల్లు గోడౌన్‌కి సున్నం కొట్టించి, కాటా ఉన్నచోట కాఫీ కౌంటర్ పెట్టి, నెలకో శనివారం రాత్రి 'ఓపెన్ నైట్' అని తలుపులు బార్లా తెరుస్తున్నారు. ఎవరైనా రావచ్చు. బొమ్మలు చూడటం ఉచితం. చూసి ఊరుకోలేక సొంత చేత్తో ఏదైనా చేయాలనిపిస్తే వర్క్‌షాపు ఫీజు ఆరువందలు. టీ, ఎగ్ పఫ్, సర్టిఫికెట్ అందులోనే.

దీని మీద వెటకారాలాడేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వెటకారం మనకి ఎరువు వేయకుండా పండే పంట కదా. ఈ వ్యాసకర్త మాత్రం ఆ గుంపులో లేడని ముందే మనవి. ఎకనామిక్స్ పుస్తకాల్లో ఎక్కడా కనిపించని సూత్రం ఒకటి నాకు ఆ గోడౌన్‌లోనే బోధపడింది. పని ఒకటే అయినా, డబ్బు పుచ్చుకుని చేస్తే అది కూలి, డబ్బు కట్టి చేస్తే అది కళ. ఇంత చిన్న సంగతి తెలియకే మన డెల్టాలో లక్షలాది మంది తరాల తరబడి కళాకారులు కాకుండా మిగిలిపోయారు.

ముందు ప్రదర్శన సంగతి. జ్యోతి వెలిగించడం, శాలువాలు, ముఖ్య అతిథిగారు తీరిగ్గా వచ్చి చిన్నప్పుడు తామూ బొమ్మలు బాగా వేసేవాళ్లమని చెప్పడం, ఇవన్నీ మీకు తెలిసినవే, వదిలేద్దాం. ఆ తర్వాత జనం గోడల వైపు తిరిగిన పావుగంట మాత్రం వదలకూడనిది. మధ్య గోడకి ఒక పెద్ద కాన్వాసు ఉంది. పైనంతా ముదురాకుపచ్చ, అడుగున బూడిదరంగు, అక్కడక్కడా తెల్లటి నురగ చుక్కలు. పేరు 'నిశ్శబ్దం-4'. దాని ముందు భీమవరం వైపు నుంచి వచ్చిన రొయ్యల రైతు ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. చివరికి చిత్రకారుడి వైపు తిరిగి, "ఎన్ని రోజుల చెరువండి ఇది?" అన్నారు.

"చెరువు కాదండీ. ఇది మనిషి లోపల జరిగే..."

"నేనూ అదే అంటున్నానండి. లోపలే పాడైంది. డీఓ పడిపోయినట్టుంది చూడండి, నీళ్లలో ఆక్సిజన్. రాత్రికి ఏరేటర్లు ఆడించకపోతే తెల్లారేసరికి మొత్తం తేలిపోద్దండి."

తన బొమ్మని ఇంత లోతుగా చూసినవాళ్లు హైదరాబాద్‌లో కూడా తగల్లేదని చిత్రకారుడు ఆ రాత్రి కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. రైతుగారు మాత్రం కొనలేదు. కింద నలభై వేలని రేటు రాశారు గానీ కౌంట్ రాయలేదేమని అడిగారు. కేజీకి ఎన్ని తూగుతాయో తెలియకుండా సరుకు ముట్టుకునే అలవాటు ఆయనకి లేదు.

ఇక వర్క్‌షాపులు. మొదటి నెల లేసు అల్లిక. నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మంచి పిల్ల, ఓపిక ఉన్న పిల్ల. ఇరవై మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, తలా ఒక సూది, ఒక నూలు ఉండ ఇచ్చి, "తొందరేం లేదు. ప్రతి ముడినీ అనుభవించండి. మనసంతా వేళ్ల మీదే ఉండాలి" అంది. అందరూ కళ్లు మూసి తెరిచి, ముడి వేసి, ఆ ముడిని అనుభవించారు. అరగంటకి ఒక్కొక్కరి దగ్గర జానెడు గొలుసు తయారైంది. కొందరి దగ్గర గొలుసు బదులు విప్పరాని చిక్కు ఒకటి తయారైతే, అది వాళ్ల అంతరంగమని ఆ అమ్మాయి దయగా సర్దిచెప్పింది.

ఈ తతంగం అంతా టీ కౌంటర్ వెనక నుంచి మా పిన్ని చూస్తోంది. మా పిన్ని అంటే మా ఒక్కరికే కాదు, స్టూడియో ఊడ్చి, ఓపెన్ నైట్‌లో టీలు అందించే ఆవిడని అందరం అలాగే పిలుస్తాం. నరసాపురం దగ్గర పల్లెటూరు. టీ మరిగేలోపు ఖాళీగా ఉండలేక తన సంచిలోంచి సగం అల్లిన లేసు తీసింది. ఎడం చేతి చూపుడువేలికి నూలు రెండు చుట్లు తిప్పుకుంది. కుడిచేతిలో సూది. అంతవరకే కంటికి కనిపించింది. ఆ తర్వాత ఏ వేలు ఎప్పుడు కదిలిందో, నూలు సూది కొనకి ఎప్పుడు తగులుకుందో, ఎప్పుడు కన్నంలోంచి ఇవతలికి వచ్చిందో పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఆవిడ అసలు చేతివైపు చూడటమే లేదు. మనవడికి జ్వరం వచ్చిన సంగతి నాకు చెబుతూ, టీ పొంగకుండా స్టవ్ వైపు ఒక కన్నేసి, మధ్యలో పంచదార అడిగినవాళ్లకి జవాబిస్తూనే ఎనిమిది రేకుల పువ్వొకటి ముగించి, నూలు పళ్లతో కొరికి తెంపింది.

"పిన్నీ, మనసంతా వేళ్ల మీద పెట్టాలంట" అన్నాను.

"అలా అనుభవిస్తా కూర్చుంటే పీసు ఎప్పటికయ్యేను బాబూ? మనసు పెడితే లెక్క తప్పుద్ది. చెయ్యే చూసుకుంటుంది" అంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఫీజు బోర్డు వైపు చూసి, "ఆరొందలా? నాకు వారం రోజుల అల్లికండి అది" అని కూడా అనేసింది.

ఇలాంటి మాటల వల్లే కళ వెనకబడుతుంది. పిన్ని చేసేది కళ ఎలా అవుతుంది? ఆవిడ దానికి డబ్బు పుచ్చుకుంటుంది. తక్కువే అనుకోండి, సూత్రానికి ఎక్కువ తక్కువలు లేవు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు వచ్చి నరసాపురం ప్రాంతంలో పేద ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారు. తర్వాత్తర్వాత ఒక పద్ధతి స్థిరపడింది. ఏజెంటు నూలిచ్చి వెళతాడు, వీళ్లు ఇంట్లో కూర్చుని అల్లుతారు, ఏజెంటు పీసులు లెక్కపెట్టి పట్టుకెళతాడు, ఎక్కడో విదేశంలో డైనింగ్ టేబుల్ మీద అవి పరుచుకుంటాయి. వీళ్లని కార్మికులని కూడా అనరు. గృహిణులంటారు, ఖాళీ టైములో చేసుకుంటున్నారంటారు. వంట, పిల్లలు, పశువులు పోగా మిగిలే ఆ ఖాళీ టైమెంతో ఏ ఏజెంటూ కొలవలేదు గానీ, నూరేళ్లకి పైగా ఎగుమతి వ్యాపారం నడిచింది దాని మీదే. 2024లో నరసాపురం లేసుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పేరు ఊరికి దక్కింది. రేటు మాత్రం ఎప్పట్లాగే ఏజెంటుగారి జేబులో భద్రంగా ఉంది.

రెండో నెల పూతరేకులు. ఆత్రేయపురం పూతరేకుకి 2023లోనే జీఐ వచ్చింది కాబట్టి అది కళే అన్న విషయంలో కమిటీకి ఏ సందేహమూ లేకపోయింది. గోడౌన్ వెనక పొయ్యి పెట్టారు. బోర్లించిన కుండ, పల్చటి బియ్యప్పిండి జావ, ఒక గుడ్డముక్క. గుడ్డని జావలో ముంచి, కాగుతున్న కుండ మీద ఇటునుంచి అటు ఒక్క లాగు లాగాలి. కనురెప్ప వేసేలోపు కాగితంలాంటి రేకు లేస్తుంది. దాన్ని రెండు చేతులతో చిరగకుండా ఎత్తాలి. చెప్పుకుంటే ఇంతే. అక్కడ మాత్రం ఒకరి రేకు కుండకి అతుక్కుపోయింది, ఒకరిది చిల్లులు పడింది, ఇంకొకరు వేలు కాల్చుకుని నీళ్ల బకెట్ కోసం పరిగెత్తారు. చిల్లుల రేకుని పళ్లెంలో పెట్టి, పక్కన విడిగా బెల్లం, విడిగా నెయ్యి అమర్చి, అది 'డీకన్‌స్ట్రక్టెడ్ పూతరేకు' అన్నారు. ఫొటోలో చాలా బాగా వచ్చింది. చూపించడానికి వచ్చిన ఆత్రేయపురం ఆవిడని, మీ వేళ్లు కాలవా అని ఎవరో అడిగితే, "మొదట్లో కాలేయండి, ఇప్పుడు తెలీటం లేదు" అని చేతులు చాపి చూపించింది. వేళ్ల కొసలు నున్నగా, గీతలు చెరిగిపోయినట్టు ఉన్నాయి. ఆవిడకి రాకపోకల ఆటో చార్జీలు ఇచ్చారు. సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఫీజు కట్టలేదుగా.

గిట్టనివాళ్లు అనే మాట ఇంకొకటి ఉంది. ఊరంతా కలిసి కళ చేయడం మనకి కొత్తేమిటి, కోనసీమలో ప్రభలు కట్టుకోవడం లేదా అని. దీనికి జవాబు చెప్పాలి. కనుమ నాడు జగ్గన్నతోటకి వచ్చే ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లని నిలబెట్టి తెచ్చే వెదురు కట్టడాలు, నేనూ చూశాను. వెదురు చీల్చి వంచి, రంగురంగుల బట్టలు చుట్టి, నెమలి ఈకలు గుచ్చి, గంటలు కట్టి, అంత ఎత్తుదాన్ని భుజాల మీద ఎత్తుకుని 'శరభ శరభ' అంటూ పొలాలకి అడ్డంపడి వస్తారు. గంగలకుర్రు వాళ్లయితే కౌశిక కాలవలో దిగి, పీకల్లోతు నీళ్లలోంచే దాటిస్తారు. తొక్కిన వరిచేను గురించి రైతు తగువుకి రాడు, పైగా మంచి జరుగుతుందంటాడు. చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ క్రమశిక్షణ ఏది? ప్రభ కింద ఆర్టిస్టు పేరు లేదు. స్టేట్‌మెంట్ లేదు. క్యూరేటర్ లేడు. వెదురు ఎవరు వంచారంటే 'ఊళ్లోవాళ్లం' అంటారు. ఊళ్లోవాళ్లకి సర్టిఫికెట్ ఏ పేరు మీద రాయాలి? పైగా పండగ అయ్యాక ఆ బట్టలన్నీ విప్పేస్తారు. అమ్ముడుపోనిది, దాచిపెట్టనిది, ఎవరూ సంతకం చేయనిది కళ ఎలా అవుతుందో ఆలోచించండి.

సరైన పద్ధతిలో జరిగిన కళ కూడా మనకి లేకపోలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జేజే స్కూల్లో చదువుకుని, తిరిగొచ్చి గోదావరి ఒడ్డునే చిత్రకళ నేర్పే బడి పెట్టాడు. ఇరవై ఎనిమిది ఏళ్లు నిండకుండానే 1925లో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. ఓపెన్ నైట్‌కి వచ్చిన కళాభిమానులని ఆ గ్యాలరీ చూశారా అని అడిగాను. రాజమండ్రి ఎప్పుడూ వెళుతూనే ఉంటామని, రోజ్ మిల్క్ తాగకుండా రామని చెప్పారు. 2027 పుష్కరాలకి వెళ్లినప్పుడు తప్పకుండా చూస్తామన్నారు. పుష్కరాలకి వెళ్లినవాడు జనంలో తన చెప్పులే చూసుకోలేడు, గ్యాలరీ ఏం చూస్తాడు అనే అనుమానం నాకుంది గానీ, పైకి అనలేదు.

స్టూడియో కమిటీవారు సలహాలు ఇవ్వమన్నారు కాబట్టి రాబోయే ఓపెన్ నైట్‌లకి కొన్ని రాసిచ్చాను. తొలకరికి ఊడ్పుల వర్క్‌షాపు. నడుం వంచి వెనక్కి నడుస్తూ నారు నాటడం అనేది నేలతో మనిషి సంభాషణ అని బ్రోషర్‌లో వేయవచ్చు. ఫీజు ఎనిమిది వందలు, బురద ఉచితం. నిజమైన కూలీల్ని ఆ పూటకి గట్టు మీద కూర్చోబెట్టాలి, లేకపోతే వాళ్ల వేగం చూసి సభ్యులు నిరుత్సాహపడతారు. అంబాజీపేటలో కొబ్బరికాయ వలుపు. ఆ గునపం మీద కాయ గుచ్చి తిప్పడంలో శిల్పకళ ఉంది, పైగా ప్రాణభయం కూడా ఉంది, ఈ రోజుల్లో దానికి వేరే ఫీజు తీసుకోవచ్చు. అన్నిటికన్నా నేను ఎక్కువ ఆశలు పెట్టుకున్నది రొయ్యల షెడ్డు మీద. రాత్రిపూట చెరువులో రొయ్యల పట్టుబడి జరిగాక ఐసు నీళ్లలో చేతులు ముంచి, గంటలకొద్దీ నిలబడి రొయ్య తలలు తీసే పని అది. సహజంగానే ఓపెన్ నైట్. పల్లెల నుంచి వ్యాన్లలో వచ్చే ఆడవాళ్లు దీన్నే కూలికి చేస్తూ వేళ్లు పాసిపోయాయని ఏడుస్తుంటారు. మనం 'కోల్డ్ థెరపీతో మెడిటేషన్' అని పేరు పెడితే సిటీ నుంచి బస్సులు వేసుకుని వస్తారు.

కమిటీవారు సంతోషించారు. కానీ ఈ సూత్రం ఇంత త్వరగా స్టూడియో గోడలు దాటుతుందని వాళ్లూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. పోయిన నెల ఓపెన్ నైట్‌కి లేసు ఏజెంటుగారు వచ్చారు. చిక్కుముడుల ప్రదర్శన తిరిగి చూశారు. ఫీజు బోర్డు రెండుసార్లు చదివారు. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర ఎంతమంది కట్టారో కనుక్కున్నారు. తర్వాత తిన్నగా టీ కౌంటర్ దగ్గరకి వచ్చి, గొంతు తగ్గించి, "ఏవమ్మా, వీళ్లంతా ఎదురు డబ్బులిచ్చి అల్లుతున్నారు కదా. మీరంతా ఇన్నేళ్లుగా నా నూలు మీదే నేర్చుకుంటిరి. ఇకమీదట పీసుకి ఇంతని మీరే నాకు కడితే ఎలా ఉంటుందంటావ్? సర్టిఫికెట్ కావాలంటే నేనూ కొట్టిస్తాను" అన్నారు.

పిన్ని ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చింది.

"ఆయ్, అలాగే కడదామండి. మా వీధిలో అల్లేవాళ్లం ముప్పైమందిమి ఉన్నాం. అయితే ఇక్కడ ఫీజులో టీ, ఎగ్ పఫ్ కలిపే ఇస్తున్నారండి. రోజూ మా అరుగు మీదకి మీరు పట్టుకొస్తారా, మీ అబ్బాయిగారిని పంపుతారా?"

ఏజెంటుగారు పఫ్ రేటు కనుక్కుని, ముప్పైతో హెచ్చవేసుకుని, ఇంటికెళ్లి ఆలోచించి చెబుతానన్నారు.