డై మెరిసిందంటే కణాలే కారణమని కాదు
నానోకణాల మీద వచ్చిన వ్యాసంలో, డీసీఎఫ్‌హెచ్ (ఆక్సీకరణ చెందితే ఆకుపచ్చగా మెరిసే డై) ఎంత మెరిస్తే నానోకణాలు అంత ఎక్కువగా రియాక్టివ్ ఆక్సిజన్ స్పీషీస్ (చురుగ్గా చర్య జరిపే ఆక్సిజన్ రూపాలు) పుట్టించినట్టే అని రాశారు. నేను ఒప్పుకోలేను. ఆ డై వెలుగు తగిలితే చాలు, తనంతట తానే ఆక్సీకరణ చెందుతుంది. మేం టైటానియం డయాక్సైడ్ మీద పనిచేస్తున్నప్పుడు ఒకసారి కణాలు వేయకుండా ఉత్త డైనే ప్లేట్ వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) పోసి యూవీ దీపం కింద పెట్టాం. కాసేపటికి అవీ ఆకుపచ్చగా మెరిశాయి! అంతకుముందు రెండు వారాలు తీసిన రీడింగులన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. కణాలతో చీకట్లో ఒకటి, కణాలు లేకుండా వెలుగులో ఒకటి, పోల్చి చూసేందుకు ఈ రెండు కంట్రోల్స్ లేని గ్రాఫ్‌ను నేనైతే నమ్మను. పైగా ఏ స్పీషీస్ పుట్టిందో ఈ డై విడదీసి చెప్పదు. సింగ్లెట్ ఆక్సిజన్ (మామూలు ఆక్సిజన్ కంటే శక్తి ఎక్కువున్న అణువు) అయితే 1270 నానోమీటర్ల దగ్గర అదే వెలువరించే కాంతిని నేరుగా పట్టుకోవాలి. సిగ్నల్ చాలా బలహీనం, నిజమే. కానీ మామూలు నీటిలో 3, 4 మైక్రోసెకన్లే ఉండే దాని ఆయుష్షు భారజలంలో (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీటిలో) పదిరెట్లకు పైగా పెరుగుతుంది, అప్పుడు కొలవడం తేలిక. హైడ్రాక్సిల్ రాడికల్‌కైతే (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న OH) దాన్ని పట్టి ఉంచే డీఎంపీఓ అనే రసాయనం కలిపి, జత లేని ఎలక్ట్రాన్లను గుర్తించే ఈపీఆర్ స్పెక్ట్రమ్ తీయాలి. ఆ రాడికల్ ఉంటే అందులో 1:2:2:1 ఎత్తుల్లో నాలుగు గీతలు వస్తాయి.