విమానం చుట్టుదారిలో పోవడం లేదు

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "శాన్ ఫ్రాన్సిస్కో విమానాలను కావాలనే ధ్రువం వైపు చుట్టు తిప్పి డబ్బు గుంజుతున్నారు. పసిఫిక్ మీదుగా తిన్నగా పోతే దూరం బాగా తగ్గుతుంది. టికెట్టే సాక్ష్యం: మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే అదే రోజు నాలుగున్నరకి దిగుతాం, తిరిగొచ్చేటప్పుడు మాత్రం మూడో రోజు. అంతా భూమి తిరగడం వల్లే." పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్లే అమ్మానాన్నలు దీన్ని నమ్మేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

చుట్టు తిప్పడం అన్నది గోడ మీది మ్యాపు చూసి అన్న మాట. గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ధ్రువాల దగ్గరి నేల సాగిపోతుంది. ఆ మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టండి. అది టిబెట్, సైబీరియా, అలాస్కా మీదుగా పోతుంది. దాదాపు 14,000 కిలోమీటర్లు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన పసిఫిక్ గీత వెంట పోతే 16,000 దాటుతుంది!

విమానం అచ్చంగా దారం వెంటే పోదు, నిజమే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగుల దాకా దిగాలి. టిబెట్‌లో చాలాచోట్ల నేలే అంతకంటే ఎత్తు. అందుకే పక్కకి తప్పుకుంటారు. గాలులూ, ఏ దేశం తన గగనతలంలోకి రానిస్తుందన్నదీ చూసుకోవాలి. ఇంధనం ఖర్చు సంస్థదే, ఊరికే ఎవరూ తగలేసుకోరు.

ఇక భూమి తిరగడం. గాలి కూడా నేలతో పాటే తిరుగుతుంది. లేకపోతే బెంగళూరులో గంటకి 1,600 కిలోమీటర్ల ఈదురుగాలి వీచేది, కబ్బన్ పార్కులో ఒక్క చెట్టూ మిగిలేది కాదు. ప్రయాణం టైమ్‌లో తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్, అంటే విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జోరుగా వీచే గాలి. 2020 ఫిబ్రవరిలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఆ గాలి తోడై న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ధ్వని వేగం దాటని ప్రయాణికుల విమానాల్లో అది అప్పటికి రికార్డు. మామూలుగా రానూపోనూ మధ్య తేడా గంటో, ఇంకాస్తో.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిది. చలికాలంలో మన గడియారం శాన్ ఫ్రాన్సిస్కో కంటే 13.30 గంటలు ముందుంటుంది, వేసవిలో 12.30. ఈ రెండు ఊళ్ల మధ్య ఎయిర్ ఇండియా మొదటి డైరెక్ట్ విమానం, అంతా మహిళా పైలట్లే నడిపినది, 2021 జనవరి 9 రాత్రి అక్కడ బయల్దేరి, ధ్రువం మీదుగా వచ్చి, 11న తెల్లవారుజామున మూడింటికి ఇక్కడ దిగింది. తేదీల్లో మూడో రోజు, గాల్లో ఉన్నది సుమారు 17 గంటలు.

ఫార్వర్డ్‌లో రెండింటికి ఎక్కి నాలుగున్నరకి దిగే ఆ "రెండున్నర గంటలు" కూడా చలికాలం లెక్కన 16 గంటలు, వేసవి లెక్కన 15. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లకి ఈ లెక్క తప్పితే ప్రమాదం. టికెట్‌లో ప్రయాణ సమయం చూసి, ఏ పూట మందు మన టైమ్ ప్రకారం ఎన్నింటికి పడుతుందో డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాసివ్వండి. మందులు చేతిసంచిలోనే పెట్టండి.