బందరుకు ఓడ రాకముందే బస్సు వెళ్లాలి

విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. మంగినపూడి దగ్గర బందరు పోర్టు కడుతున్నారు. ఈ రెంటినీ జతచేసి, రేపో మాపో క్రూయిజ్ ఓడ బందరులో ఆగుతుందనీ, దిగినవాళ్లు కోటా డచ్చి సమాధులూ చూసి పోతారనీ ఆశపడేవాళ్లు విజయవాడలో తక్కువేం లేరు. ఆశపడటంలో తప్పులేదు. కాకపోతే లెక్క వేసుకోవాలి.

ఓడ ఉదయం ఎనిమిదికి రేవుకొచ్చి సాయంత్రం ఐదుకు కదిలిందనుకుందాం. కాగితం మీద తొమ్మిది గంటలు. అధికారుల తనిఖీ పూర్తయి, నంబరు స్టిక్కర్లు అంటించుకున్న గుంపులు ఒక్కొక్కటిగా దిగేసరికి ఒక గంట పోతుంది. కదలడానికి అరగంట నుంచి గంట ముందే అందరూ ఓడెక్కాలి. దీన్నే ఆల్ అబోర్డ్ అంటారు. రేవు నుంచి ఊళ్లోకి పోనూ రానూ ఇంకో గంట. నలభై మంది బస్సు ఒక్కసారి ఆగిందంటే దిగడం, ఎక్కడం, తలలు లెక్కపెట్టడం కలిపి పదిహేను నిమిషాలు. ఐదు చోట్ల ఆపితే గంటంబావు. భోజనం కూడా తీసేస్తే ఊరు చూడటానికి మిగిలేది నాలుగు గంటలే. ఓడ నడిపే సంస్థ టూరైతే బస్సు ఆలస్యమైనా సాధారణంగా ఓడ ఆగుతుంది. సొంతంగా ఆటో మాట్లాడుకుని వెళ్లినవాళ్ల కోసం ఆగదు. పైగా ఓడ గడియారం, ఊరి గడియారం ఒక్కోసారి వేరువేరుగా ఉంటాయి. ఓడ తప్పిపోయేవాళ్లలో కొందరు ఇక్కడే దెబ్బతింటారు.

ఈ లెక్కకు కొచ్చి సరిపోతుంది. ఓడ ఆగే విల్లింగ్డన్ దీవి నుంచి మట్టంచేరి, ఫోర్ట్ కొచ్చి కొద్ది కిలోమీటర్లే. చైనా వలలు, వాస్కో డ గామాను 1524లో మొదట పాతిపెట్టిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి, 1568 నాటి పరదేశి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) దగ్గరదగ్గరగానే ఉంటాయి. అక్కడా చిక్కులు లేకపోలేదు. మట్టంచేరి ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. సినగాగ్‌ను శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారమంతా తెరవరు. ఓడ శుక్రవారం మధ్యాహ్నం వచ్చిందా, ఆ రెండూ పోయినట్టే. అందుకే టూరు వేసేవాళ్లు ముందు వారం చూస్తారు, చరిత్ర తర్వాత.

బందరు చరిత్ర కొచ్చికి తీసిపోదు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు ఇక్కడ దిగారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వర్తక స్థావరం పెట్టారు. 1759లో ఫ్రెంచివాళ్ల చేతిలోని కోటను ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ పట్టుకున్నాడు. అయితే ఇక్కడ పాత బస్తీ కోసం వెతికితే దొరకదు. 1864 నవంబరు 1 నాటి తుపాను ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఊరు తర్వాత కోలుకుంది గానీ రేవుపట్నం మాత్రం తిరిగి లేవలేదు. ఇప్పుడు కోట దగ్గర కనిపించేవి విడివిడిగా నిలిచిన కొన్ని పాత కట్టడాలు. డచ్చి శ్మశానం నయం. సమాధి రాళ్ల మీద అక్షరాలను లోపలికి తవ్వకుండా పైకి ఉబ్బెత్తుగా చెక్కారు. ఏటవాలు ఎండలో వంశచిహ్నాలు స్పష్టంగా తేలతాయి, మిట్టమధ్యాహ్నం ఏమీ చదవలేం. డచ్చి భాష రాని గైడు అక్కడ నిలబడి చెప్పగలిగేది ఐదు నిమిషాలే. ప్రతి రాయికీ తెలుగు, ఇంగ్లీషు అర్థం రాసిన ఒక పలక పెట్టడానికి ఓడ రానక్కర్లేదు.

సముద్రమూ కలిసిరాదు. ఈ తీరంలో లోతు తక్కువ. ఆ రోజుల్లోనూ ఓడలు దూరాన లంగరు వేస్తే సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేది. కొత్త పోర్టులో లోతు తవ్వినా అది ప్రధానంగా సరుకుల రేవు. అలాంటి చోట ప్రయాణికులను కాలినడకన తిరగనివ్వరు. గేటు దాకా బస్సు, దానికి పాసులు కావాలి. అంటే ఇంకో అరగంట.

బందరు దగ్గర నిజంగా చూడదగ్గది, గుడ్డ మీద అచ్చులతో కలంకారీ అద్దే పెడన. పది కిలోమీటర్లుంటుంది. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు పులియబెడతారు. కరక్కాయ నీళ్లు పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చుతో దాన్ని అద్దగానే కళ్లముందే నల్లబడుతుంది. పటిక అద్దిన చోట మాత్రం అప్పుడేమీ తెలియదు. కాలువలో జాడించి, కాగులో రంగు చెక్కతో ఉడకబెట్టాకే ఎరుపు తేలుతుంది. ఇదంతా ఒక్క రోజులో అయ్యే పని కాదు. కాబట్టి వచ్చినవాళ్లకు ఒక్క అంచె చూపించి పంపిస్తే అర్థం కాదు. అద్దకం, ఉతుకు, ఉడకబెట్టడం మూడూ ఆ పూట జరిగేలా కార్ఖానావాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే ఉతుకు ఉండదు, వానాకాలంలో గుడ్డ ఆరదు. డిసెంబరు నుంచి మార్చి దాకా అన్నివిధాలా అనుకూలం. మన దేశానికి విదేశీ క్రూయిజ్ ఓడలు ఎక్కువగా వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే. స్క్రీన్ ప్రింటును కలంకారీ అని అంటగట్టే దుకాణం దగ్గర మాత్రం బస్సు ఆపకూడదు. చేతి అద్దకంలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు కనిపిస్తుంది, గీత ఒక్కోచోట లావెక్కుతుంది. స్క్రీన్ ప్రింటులో ప్రతి పువ్వూ ఒకేలా ఉంటుంది.

ఇవన్నీ ఓడ వచ్చాక నేర్చుకుంటే ఆలస్యమే. విజయవాడ నుంచి ఇప్పుడే బస్సు వేసి చూడొచ్చు. 65వ నంబరు జాతీయ రహదారి మీద బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఉదయం ఏడుకు బయల్దేరి నాలుగింటికి తిరిగొస్తే అవీ తొమ్మిది గంటలే. రానూపోనూ ప్రయాణం నాలుగు గంటలు, మూడు చోట్ల దిగడం ఎక్కడం ముప్పావుగంట, భోజనం ముప్పావుగంట. మిగిలేది మూడున్నర గంటలు. ఓడ దిగినవాళ్ల కంటే అరగంట తక్కువ, అంతే. అందులో పెడనకు గంటన్నర, శ్మశానానికి అరగంట, కోటకు అరగంట ఇచ్చి, మిగతాది ఊళ్లో గడపాలి. తొక్కుడు లడ్డు దుకాణంలో కొనడమే కాదు, వేయించిన శనగపిండి పూసను రోట్లో దంచడం, జల్లించి బెల్లం పాకంలో కలిపి నెయ్యి పోస్తూ మళ్లీ దంచడం చూపించాలి. మంగినపూడి బీచ్‌ను మొహమాటం లేకుండా తీసేయాలి. తడి బట్టలు, ఇసుక కాళ్లు, ఎక్కడికో నడిచిపోయిన ఇద్దరు ముగ్గురు కలిసి గంట మింగేస్తారు.

ఈ బస్సు ఎక్కడ తడబడుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. నలభై మందికి రెండు మరుగుదొడ్లుంటే, మనిషికి రెండు నిమిషాల లెక్కన నలభై నిమిషాలు, అంటే కోటకిచ్చిన సమయం కంటే ఎక్కువ. ముందుగా కట్టాల్సినవి అవే. రెండోది, కార్ఖానాకు తలకింత అని రుసుము టికెట్లోనే కలిపి ఇవ్వాలి. చీరలు కొంటారులే అని గంటన్నర పని ఆపించడం మూడోసారికి చెల్లదు. గైడుకు మాత్రం దుకాణం కమిషన్ లేకుండా రోజు కూలీ ముట్టాలి, లేదంటే పెడన గంటన్నర కాస్తా చీరల దుకాణంలోనే అయిపోతుంది.