ఆవు వ్యాసం, అమెరికా బ్రాంచి

"నవల చదవనవసరం లేదు."

ఒక కోచింగ్ ప్రకటనలో ఈ మాట లావుపాటి అక్షరాల్లో కనబడింది. ఏ ఫిజిక్స్ కోచింగో అయితే సంతోషించి ఊరుకునేవాణ్ణి. కానీ అది ఏపీ (ఆంధ్రప్రదేశ్ కాదు, అమెరికాలోని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్షకు కోచింగ్. అంటే సాహిత్యానికి. దాని కిందే ఇంకో లైను: "ఒకే నవల, ఏ ప్రశ్న వచ్చినా పనికొస్తుంది. నోట్స్ మేమే ఇస్తాం." వాట్సాప్ గ్రూపులో అక్కడి మన తెలుగు తల్లిదండ్రులు దాని కింద దండాల బొమ్మలు కుప్పపోశారు.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కాలేజ్ బోర్డు వారు ఏటా మే నెలలో అమెరికా హైస్కూలు పిల్లలకు పెట్టే మూడు గంటల పరీక్ష ఇది. మొదటి గంటలో 55 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, తర్వాత రెండు గంటల్లో మూడు వ్యాసాలు. ఒకటి వాళ్లిచ్చిన కవిత మీద, ఒకటి వాళ్లిచ్చిన వచనం మీద. మూడో దానికి మాత్రం ఒక అంశం ఇచ్చి, కొన్ని పుస్తకాల పేర్లు కింద రాసి, వీటిలోదైనా సరే, నువ్వు సొంతంగా చదివినదైనా సరే, తీసుకుని రాయి అంటారు. ఈ "సొంతంగా చదివినది" దగ్గరే మనవాళ్లకు టెన్షన్ పట్టుకుంటుంది.

వాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు. "కాల్క్యులస్‌కు ఫార్ములా ఉంది, కెమిస్ట్రీకి ఫార్ములా ఉంది, దీనికెందుకు లేదండీ?" అని నన్నొక తండ్రి నిలదీశాడు. "కవి ఏమనుకున్నాడో కవికి తెలియాలి గానీ మావాడికెలా తెలుస్తుంది?" అన్నాడు. ఇంత చక్కటి సాహిత్య ప్రశ్నను ఆయన ప్రశ్నగా కాక ఫిర్యాదుగా వాడుకోవడం ఒక్కటే నాకు నచ్చలేదు.

సరే, ఆ ఫార్ములా దొరికిన డెమో క్లాసు నేనూ చూశాను. సార్ స్క్రీన్ మీద ఒక పట్టిక పెట్టారు. నవల పేరు పైన ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆ నవలలో ఒక పెద్దిల్లు, ఒక చావు, ఒక పాత ఉత్తరం, బోలెడంత వాన ఉన్నాయని పట్టికను బట్టి తెలిసింది.

"2021లో ఇంటి మీద అడిగాడు. మన దగ్గర ఇల్లుందా?"

"ఉంది సార్."

"2018లో బహుమతి. వరమా, భారమా అని. మన దగ్గరుందా?"

అందరూ మ్యూట్‌లోకి వెళ్లిపోయారు.

"ఉత్తరం ఉందిగా! చనిపోయినావిడ ఇచ్చిన బహుమతే కదా అది! ఇక 2022, హైరార్కీ."

"ఇంట్లో మెట్లున్నాయి సార్," అన్నాడొక కుర్రాడు.

సార్ కళ్లు మెరిశాయి. "అదీ! పైమెట్టు, కిందిమెట్టు. హైరార్కీ అంటే ఇంకేంటి?"

"ఆ మెట్లు ఎవరు ఎక్కుతారు సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"అది ప్లాట్ అమ్మా. ప్లాట్ రాస్తే మార్కులు పోతాయి."

కథ చెప్పి సరిపెట్టొద్దని ప్రశ్నలో నిజంగానే రాసి ఉంటుంది. అది కథ తెలిసినవాళ్లకు చేసే హెచ్చరిక. సార్ దాన్ని కథ తెలియకపోయినా ఫరవాలేదన్న అనుమతిగా తీసుకున్నారు.

తర్వాత ప్రతీకల పట్టిక వచ్చింది. పాత్ర ఏడుస్తున్నప్పుడు వాన పడితే దుఃఖం. నవ్వుతున్నప్పుడు పడితే పాపప్రక్షాళన. "అసలు వాన పడకపోతే సార్?" "ఆధ్యాత్మిక శూన్యం." కిటికీ మూసి ఉంటే సమాజం వ్యక్తిని బంధించిందని. తీసి ఉంటే? "అప్పుడూ బంధించిందనే. కాకపోతే కాంప్లెక్స్‌గా." పిల్లలు ఇదంతా శ్రద్ధగా రాసుకున్నారు. తలుపు గురించి కూడా ఒకడు అడగబోయాడు గానీ డెమో టైము అయిపోయింది.

మనకిది కొత్త విద్యేం కాదు. ఆవు వ్యాసం ఒక్కటే బట్టీపట్టిన కుర్రాణ్ణి కొబ్బరిచెట్టు మీద రాయమంటే, ఆవును తెచ్చి చెట్టుకు కట్టేసి, ఆవు సాధుజంతువు అని అందుకున్నాడని చెప్పుకుని తరతరాలుగా నవ్వుకుంటున్నాం. ఆ కుర్రాడు పెద్దవాడై, వీసా సంపాదించి, ఇప్పుడు గంటకింత అని ఫీజు తీసుకుంటున్నాడు. ఒక్క మాట మాత్రం వాడి పక్షాన చెప్పాలి. వాడికి కనీసం ఆవు గురించి తెలుసు.

ఇక అసలు సరుకు సోఫిస్టికేషన్ మార్కు. ఒక్కో వ్యాసానికి 6 మార్కులుంటే ఒకటి థీసిస్‌కు (వ్యాసం నిలబెట్టబోయే వాదనకు), నాలుగు ఆధారాలకూ వ్యాఖ్యానానికీ, చివరి ఒక్కటి దీనికి. ఆలోచనలో లోతు వాదనలో భాగంగా ఉంటేనే ఈ మార్కు ఇవ్వాలి, ఏదో ఒక పదబంధమో ప్రస్తావనో పడేస్తే ఇవ్వకూడదు అని మార్కింగ్ నిబంధనల్లోనే ఉంది. మన కోచింగ్‌లో ఆ మార్కుకు రెడీమేడ్ వాక్యాలు అమ్ముతారు. "ఈ విధంగా రచయిత మానవ జీవితంలోని సంక్లిష్టతను ఆవిష్కరించారు." ఏ పుస్తకానికైనా అతుకుతుంది. టెలిఫోన్ డైరెక్టరీకి కూడా. జూన్‌లో పేపర్లు దిద్దే టీచర్లు ఇదే వాక్యం ఎన్ని పేపర్లలో చదువుతారో గానీ, ఆ కోచింగ్ పిల్లలందరికీ ఒకేసారి జ్ఞానోదయం అయిందని అనుకోవాలి కాబోలు. 2025 నుంచి వ్యాసాలన్నీ కంప్యూటర్‌లోనే టైపు చెయ్యాలి కాబట్టి, చేతిరాత అర్థంకాక వదిలేస్తారన్న ఆఖరి ఆశ కూడా లేదు.

పరీక్ష పెట్టేవాళ్లు శుద్ధపూసలని నేననను. 2021లో ఈ పరీక్షలో 5కి 3 గానీ ఆపైన గానీ తెచ్చుకున్నవాళ్లు సగంమంది కూడా లేరు. 2022లో నాలుగింట మూడొంతులు దాటారు. స్కోర్లు నిర్ణయించే కొలమానం మారింది. సార్ స్లైడులో మాత్రం ఆ రెండు అంకెల మధ్య తన ఫొటో ఉంది.

మెట్లు ఎవరు ఎక్కుతారని అడిగిన అమ్మాయి ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి ఆ నవల తెచ్చుకుంది. ఆ మెట్లు రోజంతా ఎక్కి దిగేది పనిమనిషట. పట్టికలో ఆవిడ పేరే లేదు. ఆ ఉత్తరం బహుమతీ కాదు, ఆవిడ మీద దొంగతనం మోపింది దానికోసమేనట. అన్నం దగ్గర వాళ్ల నాన్నతో వాదన పెట్టుకుందట, రచయిత ఆవిడకు అన్యాయం చేశాడని. ఇదంతా నాకు వాళ్లమ్మ చెప్పింది, దిగులుగా. "ప్రాక్టీస్ టెస్టులు రాయట్లేదు అన్నయ్యా, పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది. సార్ కూడా చెప్పారు, నలభై నిమిషాల్లో రిస్కు వద్దమ్మా, పట్టికలో ఉన్నదే రాయి అని. పరీక్ష అయ్యాక చదువుకోవే అంటే వినదు."

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. పదిహేడేళ్ల పిల్ల రాత్రి రెండింటిదాకా మేలుకుని ఒక పుస్తకం చదివి, అందులో ఎవరూ చూడని మనిషిని చూసి, ఆవిడ తరఫున ఇంట్లో కొట్లాడింది. ఆ పరీక్ష అడిగేదే అది! నువ్వు చదివింది చెప్పు, నీకేమనిపించిందో చెప్పు, ఎందుకనిపించిందో చూపించు అని అడుగుతుంటే, ఆ పిల్ల చేతిలోంచి పుస్తకం లాక్కుని పట్టిక పెట్టడానికి మీరెవరు? పరీక్ష అయ్యాక చదువుకోవచ్చట. మీ పరీక్షలు ఎప్పుడయ్యాయి? ఆ తర్వాత మీరేం చదివారు? డబ్బులు పోసి మరీ పిల్లలకు చదవకుండా ఉండడం నేర్పిస్తున్నాం, పైగా దానికి సాహిత్యమని పేరు. సిగ్గుండాలి.

వచ్చే ఏడాది బ్యాచ్‌కు రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. ముందుగా చేరినవాళ్లకు తగ్గింపు కూడా ఉంది. థీసిస్‌లు, సోఫిస్టికేషన్ వాక్యాలు ఇప్పటికే సిద్ధమట. నవల ఏదన్నది ఆగస్టులో చెబుతారు.