వంశధారలో పిరానా పడిందహో!

వంశధారకు కొత్తనీరు రావడం, కాశీనగర్‌కూ హిరమండలానికీ మధ్య ఎవరి వలలోనో మనుషుల్ని పీక్కుతింటుందని పేరుపడ్డ ‘పిరానా’ చేప పడటం, ఆ వీడియో ఒడిశాలోని పర్లాకిమిడి ఫోన్ల నుంచి ఆంధ్రలోని పాతపట్నం ఫోన్లలోకి సరిహద్దు దాటి రావడం ఇప్పుడు ఆనవాయితీ అయిపోయింది. ఈసారి చేప తూకం రెండున్నర కిలోలట. పొట్ట ఎర్రగా ఉంది, నోట్లో పళ్లున్నాయి. ఇక సాక్ష్యం దేనికి? వెనకాల డప్పులు, పైన ‘ఏట్లో దిగితే ఎముకలే మిగుల్తాయి, అందరికీ పంపండి’ అన్న హెచ్చరిక. పంపాం. పౌరధర్మం తప్పే జాతి కాదు కదా మనది.

ఆ చేపను సంతలో అడిగితే గంపలకొద్దీ చూపిస్తారు. పేరు రూప్‌చంద్. బొచ్చె, రోహులతో కలిపి చెరువుల్లో పెంచుతారు. తవుడూ వేరుశనగ చెక్కా తిని ఏడాది తిరక్కుండా కిలో దాటుతుంది. వానకు గట్టు తెగితే వాగులోకి, వాగులోంచి ఏట్లోకి వచ్చి పడుతుంది. (వలలో పడితే మళ్లీ నీళ్లలోకి వదలకండి. మన ఏటి చేప కాదది, పులుసుకే పనికొస్తుంది.) దక్షిణ అమెరికాలో ఇది పిరానాకు చుట్టమే, కాకపోతే వరద ముంచిన అడవిలో రాలిన పళ్లూ గింజలూ కొరుక్కు తినే చుట్టం. అందుకే దాని పళ్లు మన దవడపళ్ల మాదిరే చదునుగా, పైదవడలో రెండు వరసల్లో ఉంటాయి. పిరానావి పదునైన త్రికోణాలు, ఒకటే వరస, నోరు మూస్తే పైవి కిందివాటి సందుల్లో ఇమిడిపోతాయి. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. తేడా తెలియాలంటే పుల్లతో పెదవి ఎత్తితే చాలు. వీడియో తీసినాయన పుల్ల పెట్టాడు, పెదవి ఎత్తాడు, పళ్లు లోకానికంతా చూపించాడు. తను చూడటం ఒక్కటే మర్చిపోయాడు.

పోనీ తూకమైనా చెప్పాలి కదా. ఎర్రపొట్ట పిరానా మామూలుగా జానెడు, ఎంత బాగా బతికినా 30 సెంటీమీటర్ల పైచిలుకు. రూప్‌చంద్ 80 సెంటీమీటర్లు దాటగలదు, రెండున్నర కిలోలు దానికో లెక్క కాదు.

ఈ భయానికి మూలపురుషుడు అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్. 1913-14లో బ్రెజిల్ అడవుల్లో తిరిగొచ్చి, లోకంలో ఇంతటి క్రూరమైన చేప లేదని రాసిపారేశాడు. దొరగారికి వినోదం చూపించాలని అక్కడివాళ్లు నదిలో కొంతమేర వలలు కట్టి, పిరానాలను పోగేసి, రోజుల తరబడి పస్తులుంచి, అప్పుడు ఆవును తోశారని చెప్పుకుంటారు.

అదే ఏర్పాటు మన దగ్గర చేద్దామంటే ఎంత పని! ముందు ఒడియాలో ఒక నోటీసు, తెలుగులో ఒక నోటీసు. వంశధార నీళ్ల పంపకానికి 2010లో వేసిన ట్రిబ్యునల్ 2017లో తీర్పు చెప్పింది, చేపల ఆకలి పంపకానికి ఎన్నేళ్లు పట్టాలో. ముసలి దున్నను తోలుకొచ్చిన రైతు పాడిగేదె ధర అడుగుతాడు. ‘తినబడుటకు యోగ్యము’ అని పశువుల డాక్టరు సంతకం పెట్టాలి. చేపల పస్తు సక్రమంగా సాగుతోందా లేదా అని చూడటానికి ఒక కమిటీ. మూడోనాడు ఎవరో పిల్లాడు పకోడీ విసురుతాడు, పస్తు చెడుతుంది, మళ్లీ మొదటికి. పస్తు మరీ ముదిరితే పిరానాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, లెక్క తగ్గిందని ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు. అన్నీ కుదిరి, రెండు రాష్ట్రాల అధికారులూ కుర్చీలేసుకుని కూర్చున్నాక దున్న నీళ్లలో దిగుతుంది. చేపలన్నీ బెదిరి అవతలి మూలకు పరిగెడతాయి.

నిజంగానే పరిగెడతాయి. అద్దాల తొట్టెలో పెంచేవాళ్లను అడగండి, అద్దం తడితే చాలు మూలకు చేరతాయి. పిరానాలు గుంపు కట్టేది వేటకన్నా ప్రాణభయంతో. మొసళ్లు, నది డాల్ఫిన్లు, నీటికాకులు వాటిని తింటాయి. పిరానాల రోజువారీ తిండి చిన్న చేపలు, పక్క చేపల రెక్కలూ పొలుసులూ, పురుగులు, గింజలు, చచ్చి తేలినవి.

కరవదా అంటే కరుస్తుంది. నల్ల పిరానా కాటు 320 న్యూటన్లని 2012లో కొలిచారు. అంటే 32 కిలోలకు పైబడ్డ బరువు ఒక్క పంటి కాటు మీద. కొక్కెం విప్పబోయిన జాలరి వేలు తెగుతుంది. గూడు కట్టి గుడ్లు కాసేచోట కాలు పెడితే మడమ దగ్గర కండ పోతుంది. 2013 డిసెంబరు 25న అర్జెంటీనాలోని రొసారియో దగ్గర పరానా నదిలో ఈత కొడుతున్నవాళ్లలో 70 మంది దాకా గాయపడ్డారు. సాధారణంగా ఒక కాటు వేసి పోతుంది. అస్థిపంజరం మిగిల్చేది సినిమాలోనే.

సరే, మన ఏట్లో దిగితే ప్రాణం పోదా? పోతుంది. ఇసుక తవ్విన గోతుల్లో పోతుంది. యంత్రంతో నిటారుగా తవ్వి వదిలేస్తారు. కొత్తనీరు బురదగా రావడంతో లోతు కనపడదు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్లాడికి తర్వాతి అడుగు తాటి లోతు. పట్టుకుందామంటే తడి ఇసుక అంచు చేతిలో విరిగిపోతుంది, లాగడానికి దిగినవాడూ లోపలికే. ఏటా ఒంటిపూట బడుల రోజుల నుంచి దసరా దాకా ఇదే. ఆ పిల్లల వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు. డప్పుల్లేవు, అందరికీ పంపండి అన్నవాడు లేడు. గొయ్యి పక్కన నాలుగు వెదుళ్లు పాతి, తాడు చుట్టి, ఎర్రగుడ్డ కడితే ఎంతవుతుంది? ఒక లారీ ఇసుక మీద మిగిలే డబ్బులో చిల్లర! అది చెయ్యనందుకు సిగ్గుపడని మనుషులకు, లేని చేపంటే వణుకు. గట్టిగా అడిగితే ఊరిపెద్ద ఇసుక తవ్వి లారీలకెత్తే ర్యాంపు వాళ్లను అడగమంటాడు. ర్యాంపు వాళ్లు ఆ గొయ్యి తమది కాదని, అవతలి రాష్ట్రం వాళ్లు తవ్విందని చెబుతారు.