సవరణ: ఎల్‌ఎస్‌యూ 2019 అఫెన్స్ లెక్క

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్ జట్టు ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 2019 సీజన్‌పై మొన్నటి పోస్టులో మ్యాచ్‌కు 48.4 పాయింట్ల సగటును ప్లే-కాలింగ్‌కు, అంటే ఎప్పుడు ఏ ఎత్తుగడ ఆడాలో కోచ్ తీసుకునే నిర్ణయాలకు, కొలతగా తీసుకున్నాను. అంకె సరైనదే. కానీ అది జట్టు మొత్తం స్కోరు, డిఫెన్స్ కొట్టే టచ్‌డౌన్లు కూడా అందులోనే కలుస్తాయి. కోచ్ పనితనం తెలియాలంటే సక్సెస్ రేట్, అంటే ఎంత శాతం ప్లేలు సక్సెస్ అయ్యాయో చూడాలి. ఒక ప్లే సక్సెస్ కావాలంటే మొదటి డౌన్‌లో (డౌన్ అంటే ముందుకెళ్లే ఒక ప్రయత్నం) కావాల్సిన గజాల్లో సగం, రెండో డౌన్‌లో 70 శాతం, ఆ తర్వాత మొత్తం రావాలి. మూడో డౌన్‌లో 8 గజాలు కావాల్సిన చోట 7 వచ్చినా ఆ ప్లే ఫెయిలే.

ఇంకో ముఖ్యమైన విషయం. ఆ ఏడాది బ్రాయిల్స్ అవార్డు (కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చేది) అందుకున్న జో బ్రేడీ పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్. అఫెన్సివ్ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్. ప్లే-కాలింగ్ బాధ్యత ప్రధానంగా ఆయనదే. పోస్టులో ఆయన పేరు ఇప్పుడు ముందు చేర్చాను.