పులివెందుల రాయికి వయసు తెలుసు, అవ్వకే తెలీదు

మన కడప జిల్లాలో పక్కాగా వయసు తేలింది ఎవరికయ్యా అంటే, పులివెందుల దగ్గరి ఒక నల్లరాయికి. జోకు కాదు. భూమి పొరల మధ్యకు శిలాద్రవం చొరబడి గట్టిపడిన రాయి అది, దాని వయసు 188 కోట్ల 54 లక్షల ఏళ్లని 2008లో యురేనియం-సీసం పద్ధతిలో తేల్చారు, అటూ ఇటూ ఒక 31 లక్షలు. అంతకు ఐదేళ్ల ముందు ఆర్గాన్ అనే వాయువును కొలిచే పద్ధతిలో చూసినప్పుడు ఆ తేడా 2 కోట్లు. అంటే ఏ ఆఫీసు చుట్టూ తిరక్కుండా, ఒక్క జిరాక్సు కూడా ఇవ్వకుండా ఐదేళ్లలో రాయి వయసు సవరణ అయిపోయింది. 31 లక్షలంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ, అదే లెక్కన 60 ఏళ్ల మనిషికి తేడా 36 రోజులే. మన పల్లెల్లో అంత కచ్చితంగా వయసు చెప్పగలిగే అరవై ఏళ్లాయన ఉంటే చూపించండి, సన్మానం చేద్దాం. సగం ఊరు జూన్ 1న పుట్టింది, బడిలో చేర్పించిన రోజు అయ్యవారు అలా రాసుకున్నారు కాబట్టి.

ఆ రాయిలో బాడెలియైట్ అనే చిన్న చిన్న స్ఫటికాలుంటాయి. గ్రానైట్లలో అయితే జిర్కాన్. ఇవి పుట్టేటప్పుడు యురేనియాన్ని రానిస్తాయి, సీసాన్ని గడప తొక్కనివ్వవు. కాబట్టి తర్వాత లోపల కనబడే సీసమంతా యురేనియం మారి వచ్చిందే, ఎంత మారిందో చూస్తే వయసు తెలుస్తుంది. పైగా అందులో గడియారాలు రెండు. యురేనియం-238లో సగం సీసం కావడానికి 447 కోట్ల ఏళ్లు, 235కి 70 కోట్లు. దేని దారి దానిది. రెండూ ఒకే వయసు చెబితే శాస్త్రవేత్తలు వెంటనే సంతకం పెడతారు.

మన అవ్వకు గడియారాలు మూడు. రేషన్ కార్డులో 64, ఓటరు కార్డులో 71, పన్నెండంకెల కార్డులో 57. అవ్వేమో గంజి కరువులో పుట్టినానంటుంది. ఇలా లెక్కలు కలవకపోతే భూగర్భ శాస్త్రవేత్త తలపట్టుకోడు, కలవని అంకెలన్నిటినీ గ్రాఫులో గీత మీదికి తెచ్చి, రాయి ఎప్పుడు పుట్టిందో, మధ్యలో ఎప్పుడు దెబ్బతిన్నదో రెండూ చెప్పడానికి చూస్తాడు. పెన్షన్ కౌంటర్లో మనకు దొరికే జవాబు ఒకటే: "ముందు మూడూ ఒకటి చేసుకొని రా అవ్వా."

ఇంకో సంగతి. దెబ్బతిన్న స్ఫటికం నుంచి సీసం కారిపోతుంది, దాంతో అది ఉన్న వయసు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఉద్యోగుల్లో ఈ జబ్బు ఎక్కువ, వాళ్లలో ఏం కారుతుందో నాకు తెలీదు. జిర్కాన్‌కైతే 2005లో మందు కనిపెట్టారు: కొలిమిలో బాగా కాల్చి, హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్‌లో నానబెడితే చెడిన భాగం కరిగిపోయి, మిగిలింది నిజం చెబుతుంది. దీంతో తేడా వెయ్యింట ఒక వంతు కంటే తక్కువకు దిగింది. సర్వీసు రిజిస్టర్లకూ ఈ వైద్యం పెట్టాలని నా డిమాండు. మనుషులకు వద్దులెండి, యూనియన్లు ఒప్పుకోవు.

అంతవరకు పెన్షన్ ఏదో ఆ పులివెందుల రాయికే ఇచ్చేయండి. 60 నిండి చాలా కాలమైంది, వయసుకు రుజువుంది, సొంత కారు లేదు. వేలిముద్ర పడదంటారా? అవ్వకు మాత్రం పడుతోందా ఏంది.